ఆవగింజంత ఆనందం

మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే వేళకు ఎవరూ చెడ్డమాట అనకూడదు. ఆ వేళప్పుడు తథాస్తు దేవతలు ఇళ్ళ మీదుగా తిరుగుతుంటారనీ, ఎవరి నోట ఏ మాట వినపడితే దానికి తథాస్తు అనేసి ముందుకు సాగిపోతారనీ మా అత్తగారు చెప్పేవారు. అందుకని మేము బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఈ నియమం తప్పలేదు. మా ఆసుపత్రిలో చెడ్డమాటలు మానేయాలని ఉత్తర్వు వచ్చినప్పుడు అందరికంటే ముందు సంతోషించినదాన్ని నేనే.

నేను విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నర్సును. పేరు సత్యవేణి. మా సూపరింటెండెంటు డాక్టర్ వైకుంఠరావు గారు. ఒకప్పుడు చేయి తిరిగిన సర్జన్. నడుం నొప్పి వచ్చి ఆపరేషన్లు మానేసి, కోటు లోపల బెల్టు కట్టుకుని, కుర్చీలో కూర్చుని ఆసుపత్రిని నడుపుతున్నారు. కూర్చున్నవారికి ఏదో ఒకటి తోచాలి కదా. ఆయనకు ప్రమోద్ గారు తోచారు.

ప్రమోద్ గారు అంతకుముందు హోటళ్ళకూ సెల్‌ఫోన్ కంపెనీలకూ సలహాలిచ్చారట. మా దగ్గర ఆయన హోదా సానుకూల వాక్ సలహాదారు. మొదటి మీటింగులో ఆయన అందరినీ ఒక ప్రశ్న అడిగారు.

"మన దగ్గర వైద్యం చేయించుకుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎందుకు వస్తున్నారు?"

నేనే లేచాను. "చెకప్‌కి రమ్మని మనమే చీటీ రాసిస్తామండీ."

"అది ఉపరితల కారణం సిస్టర్. మూల కారణం నేను చెబుతాను. పొద్దుటి నుంచి గేటు దగ్గర నిలబడి విన్నాను. బయటికి వెళ్ళే ప్రతి మనిషీ ఏమంటున్నాడు? వెళ్ళొస్తాను అంటున్నాడు. మీరేమంటున్నారు? మంచిది, వెళ్ళి రండి అంటున్నారు. వాళ్ళు వస్తామని మాటిస్తున్నారు, మీరు ఆహ్వానిస్తున్నారు. ఇక రాక ఏం చేస్తారు?"

వైకుంఠరావు గారు బల్ల మీద చెయ్యి వేసి, "అద్భుతమైన పరిశీలన. సంస్థ ఇన్నాళ్ళూ ఈ కోణాన్ని స్పృశించలేదు," అన్నారు.

మర్నాటి నుంచి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు సన్యాసికి కొత్త పని పడింది. వెళ్ళేవాళ్ళచేత "వెళ్ళిపోతున్నాను" అనిపించాలి. మొదట దొరికింది నర్సీపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. రేడియేషన్ పూర్తయి, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, ఉత్సాహంగా నడుస్తున్నాడు. సన్యాసి చెప్పినట్టే గేటు దాటుతూ గట్టిగా "నేను వెళ్ళిపోతున్నాను" అన్నాడు. వెనకనే వస్తున్న ఆయన భార్య చేతిలో సంచి వదిలేసి ఒక్క ఏడుపు ఏడ్చింది. ఓపీ లైన్లో నిలబడ్డవాళ్ళు పరిగెత్తుకొచ్చి, ఎప్పుడు జరిగిందమ్మా, పిల్లలకు కబురు చేశారా అని ఆవిణ్ణి ఓదార్చారు. ఆ పెద్దాయన కూడా పక్కన నిలబడి ఓదార్చాడు.

"ప్రారంభ దశలో భావోద్వేగ ప్రతిస్పందన సహజం," అన్నారు ప్రమోద్ గారు.

ఆ తరువాత మాటలు ఒక్కొక్కటీ మారాయి. పేషెంటు అనకూడదు, విజేత అనాలి. జుట్టు రాలితే తలకు విముక్తి. వాంతి అయితే అంతశ్శుద్ధి. కరెంటు పోయింది అనకూడదు, విశ్రాంతి తీసుకుంటోంది అనాలి. సూపరింటెండెంటు గారి పేరు దగ్గర మాత్రం కొంత ఇబ్బంది వచ్చింది. మెట్ల దగ్గర నిలబడి "నేరుగా వైకుంఠరావు గారి దగ్గరికి వెళ్ళండి" అంటే కొందరు విజేతలు సగం మాటకే వెనక్కి తిరుగుతున్నారు. ఆయన కొన్నాళ్ళు బాధపడి, విధానం ముందు వ్యక్తి ఎంత అని, తలుపు మీద వై.రావు అని రాయించుకున్నారు. వార్డుబాయిలు ఆయన్ని వైరావు అనడం మొదలుపెట్టారు.

ఒక్క విషయంలో నేను ఉత్తర్వు మీరాను. ఎవరైనా కాలం చేస్తే ఉన్నత వార్డుకు బదిలీ అయ్యారని చెప్పాలన్నారు. పాడేరు వైపు మనిషి ఒకడు తన అన్న బదిలీ అయ్యాడని విని, చేతిలో పాలగ్లాసుతో పై అంతస్తులన్నీ వెతికి, చివరికి మేడ మీద నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి, వెనకే వెళ్ళిన నన్ను ఏ వార్డమ్మా అని అడిగాడు. అతని చేతిలో గ్లాసు నేను తీసుకుని పక్కన పెట్టి, పాత మాటే చెప్పాను. ఆ సాయంత్రం దీపం పెట్టి లెంపలు వేసుకున్నాను. ఎందుకు వేసుకుంటున్నానో మాత్రం నాకే సరిగా తెలియలేదు.

ఇలా ఉండగా నొప్పి వంతు వచ్చింది.

"నొప్పి ఉందా అని అడిగితే లేని నొప్పి కూడా లేచి కూర్చుంటుంది," అన్నారు ప్రమోద్ గారు.

"అడగకపోతే మందు ఎలా ఇస్తామండీ?" అన్నాను.

వైకుంఠరావు గారు నవ్వారు. "ఎవరు అడగొద్దన్నారమ్మా? అడుగు. పదం మార్చి అడుగు. నిర్మాణం యథాతథం, నామకరణం మాత్రం నూతనం."

మంచాల దగ్గర తగిలించే చార్టులో నొప్పి అన్న చోట ఆనందం అని అచ్చువేశారు. అంకెలు పాతవే. అసలు లేకపోతే సున్నా, తట్టుకోలేకపోతే పది.

మా వార్డులో పైడమ్మ అని భీమిలి వైపు నుంచి వచ్చిన మనిషి ఉండేది. ఎండుచేపలు అమ్ముకునేది. జబ్బు తుంటి ఎముకలకు పాకింది. నయమవుతుందని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె అడిగింది ఒక్కటే. నొప్పి లేకుండా ఇంటికెళ్ళి, తన గుమ్మంలో పీట వేసుకుని కూర్చోవాలి. దానికి మార్ఫిన్ మాత్రలుంటే చాలు. వేళకు మాత్ర పడితే ఆ మనిషి లేచి కూర్చుని వార్డంతా నవ్వించేది.

కొత్త చార్టు వచ్చిన రోజు నేను పక్కన నిలబడి అడిగాను. "పైడమ్మా, ఆనందం ఎంతుంది?"

ఆమె నా మొహం చూసింది. "నీకేటైనా అయినాదేటి సిస్టరమ్మా?"

విషయం చెప్పాను. అర్థం చేసుకుంది. నాకంటే తొందరగానే చేసుకుంది.

"అయితే రాసుకో. ఈ తుంటికాడ మొదలెట్టి మోకాలి దాకా ఆనందమే. కూకోనివ్వదు, తొంగోనివ్వదు."

"పది వెయ్యనా?"

"తొమ్మిదెయ్యి. పదెయ్యకు. ముందర దేవుడింకా ఎంత ఆనందం దాసుంచాడో."

చార్టులో తొమ్మిది చూసి డ్యూటీ డాక్టరు మాత్ర రాశారు. సాయంత్రానికి పైడమ్మ దువ్వెన అడిగి తీసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుంటూ, "సిస్టరమ్మా, ఆనందం నిండుకున్నాది," అంది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. మాట ఏదైతేనేం, మనిషికి మందు అందుతోంది కదా అనుకున్నాను. బియ్యం నిండుకున్నాయంటే మా ఆయన సంచి తీసుకుని బజారుకు వెళ్తారు గానీ, డబ్బా నిండుగా ఉందని కూర్చోరు. ఇదీ అంతే అనుకున్నాను.

కానీ ఆసుపత్రి మా ఆయన లాంటిది కాదు.

మా చార్టులు నెల తిరిగేసరికి ఆఫీసుకు వెళ్ళాయి. ఆఫీసువాళ్ళు ఆనందం కింద ఉన్న అంకెలు కూడి, ఏ వార్డు ఎంత ఆనందంగా ఉందో పోర్టికోలో బోర్డు మీద రాశారు. బోర్డులో పైన నిలిచిన వార్డుకు పూలదండ వేశారు. అది నర్సులు చాలక, మందు వేళకు అందక, మూలుగులతో నిండిపోయే వార్డు. అన్నిటికంటే అడుగున ఉన్నది మాది. సూపరింటెండెంటు గారు నన్ను పిలిపించారు.

"సత్యవేణీ, నువ్వు సీనియరువి. నీ వార్డులో ఆనందం ఇంత అధమ స్థాయిలో ఎందుకుంది?"

"మందు వేళకు ఇస్తున్నామండీ. అందుకని తగ్గింది."

"అదే నేను గుర్తించాను. మీ వార్డులో మార్ఫిన్ వినియోగం అత్యధికం, ఆనందం అత్యల్పం. అంటే మార్ఫిన్ ఆనందాన్ని హరిస్తోంది."

"సార్, ఆనందమంటే నొప్పే కదండీ. మీరే కదా మార్చారు."

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "ఆ మాట ఈ గదిలో ఉచ్చరించకు. పదం మారినప్పుడు పదార్థం కూడా మారాలి. లేకపోతే మనం పదం ఎందుకు మార్చినట్టు?"

దానికి జవాబు దేవుడి దగ్గర ఉందేమోనని ఆ పూట అడిగాను.

మర్నాడు స్టోరుకు ఉత్తర్వు వెళ్ళింది. నొప్పి మందులన్నిటికీ ఆనంద నియంత్రకాలని పేరు. ఆనందం ఎక్కువగా ఉన్న విజేతలకు వాటిని ఇవ్వరాదు. ఆనందం బొత్తిగా లేనివారికి ఇవ్వవచ్చు.

స్టోరు చూసే పరదేశినాయుడు మంచి మనిషి. నేను పైడమ్మ మందు చీటీ కిటికీలోంచి ఇస్తే చార్టు చూసి తల పట్టుకున్నాడు.

"సిస్టరుగారూ, ఈవిడికి ఆనందం తొమ్మిదున్నాది."

"అందుకే కదా పరదేశీ మందు."

"నాకు తెల్దేటండీ? మా బావమరిది ఈ జబ్బుతోనే పోయాడు. కానీ తొమ్మిదికి తాళం తీస్తే నా ఉజ్జోగం పోద్ది. సున్నా ఏసుకు రండి, ఇప్పుడే ఇచ్చేస్తాను."

వార్డుకు తిరిగొచ్చి సున్నా వేశాను. రౌండుకు వచ్చిన డ్యూటీ డాక్టరు చార్టు చూసి, "సున్నానా? సంతోషం. అయితే మార్ఫిన్ ఆపేద్దాం," అని కొట్టేశారు. ఆయన పాత లెక్కలో చదివారు. తొమ్మిది వేస్తే డాక్టరు మందు రాస్తారు, స్టోరు ఇవ్వదు. సున్నా వేస్తే స్టోరు ఇస్తుంది, డాక్టరు రాయరు. మెట్లెక్కీ దిగీ నా మోకాళ్ళకు కూడా ఆనందం పట్టుకుంది.

మందు ఆగాక పైడమ్మ గోడవైపు తిరిగి, కాళ్ళు ముడుచుకుని పడుకుంది. దువ్వెన అడగలేదు. ఎవర్నీ నవ్వించలేదు. నేను చార్టు పట్టుకుని నిలబడితే, అడగకముందే, "పదెయ్యమ్మా," అంది.

పది వేశాను. ఆ పది ఆఫీసుకు చేరింది. వరుసగా పదులు చేరాయి. ఆసుపత్రి మొత్తం మీద అంత ఆనందం ఎవరికీ లేదని తేలింది.

సూపరింటెండెంటు గారు స్వయంగా మా వార్డుకు వచ్చారు. వెనక ప్రమోద్ గారు. "చూశావా సత్యవేణీ, నియంత్రకం ఆపగానే శిఖరాన్ని అందుకుంది," అన్నారు. రాజధాని నుంచి పెద్ద ఆఫీసరు గారు వస్తున్నారనీ, ఆయన చేతుల మీదుగా పైడమ్మకు ఆనంద శిఖరం బిరుదు ఇప్పిస్తామనీ చెప్పారు.

"ఆమె కూర్చోలేదండీ," అన్నాను.

"ఆనందాతిశయం," అన్నారు ప్రమోద్ గారు.

సభ పోర్టికోలోనే పెట్టారు. పైడమ్మను చక్రాల కుర్చీలో, నడుం చుట్టూ దిండ్లు పెట్టి తీసుకొచ్చాను. ప్రతి గతుకుకీ ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆఫీసరు గారు శాలువా కప్పి, ముందుకు వంగి అడిగారు.

"అమ్మా, ఈ ఆనందం మీకు ఎక్కడి నుంచి వస్తోంది?"

మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"ఎముకల్లోంచి బాబూ."

ఆఫీసరు గారు పక్కవాళ్ళతో, ఎముకల్లోంచి వచ్చే ఆనందం, ఎంత లోతైన మాట అన్నారు. "ఎప్పుడూ ఉంటుందా?"

"కదల్నప్పుడు కొంచెం. కదిల్తే ఓర్సుకోలేం. దగ్గొస్తే ఇక సెప్పొద్దు."

చప్పట్లు మోగాయి. నేను వెనక నిలబడి, నోరు విప్పాలా వద్దా అని దేవుణ్ణి అడుగుతున్నాను. ఇంతలో సూపరింటెండెంటు గారు మైకు అందుకున్నారు.

"ఇంతటి ఆనందాన్ని సొంతం చేసుకున్న ఈ తల్లి, అందులో కొంత మనకు కూడా కలగాలని ఆశీర్వదించవలసిందిగా కోరుతున్నాను. ముందుగా ఈ సంస్థ అధిపతిగా నన్ను."

పైడమ్మ చప్పున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దు బాబూ. అలా అనీకూడదు. ఇది దీపాలేళ. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"అందుకే అమ్మా, ఇప్పుడే అనండి."

"తవకేటి తక్కువ బాబూ. పిల్లలు కలోరు. నా నోటితోటి నానలా అన్లేను."

ఫొటో తీసేవాళ్ళు తొందరపెట్టారు. ఆఫీసరు గారు గడియారం చూసుకున్నారు. ప్రమోద్ గారు, అనండమ్మా, పెద్దవారు నిలబడి ఉన్నారు అన్నారు. పైడమ్మ నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. కానీ ఇంతమంది అడుగుతుంటే కాదనడం ఆమెకు మర్యాదగా తోచలేదు. చాలాసేపు ఆలోచించి, ఎంత తగ్గించగలదో అంతా తగ్గించి, మెల్లగా అంది.

"నా ఆనందంలో ఒక్క ఆవగింజంత, ఆవగింజంతే, ఈ బాబుకి కలగాల."

సూపరింటెండెంటు గారు ఫొటో కోసం ఆమె పాదాలకు వంగారు. వంగినవారు లేవలేదు. నడుం పట్టేసింది. మొదట ఏదో గౌరవమనుకుని అందరూ చూస్తున్నారు. అప్పుడు ఆయన, ఎదురుగా ఉన్న మైకులోకి, ఊరంతా వినిపించేలా, "అమ్మా, నొప్పి," అన్నారు.

ఆ మాట ఆ ఆసుపత్రిలో విని ఎన్నాళ్ళయిందో.

ప్రమోద్ గారు వెంటనే మైకు లాక్కుని, "ఆశీర్వాదం ఫలించింది. సూపరింటెండెంటు గారు ఆనందంలో మునిగిపోయారు," అన్నారు. ఆఫీసరు గారు చప్పట్లు కొట్టి టీకి వెళ్ళారు. మేము నలుగురం కలిసి, ఆయన వంగింది వంగినట్టే, మా వార్డుకు తీసుకొచ్చి పైడమ్మ పక్క మంచం మీద పడుకోబెట్టాం. పైడమ్మను కూడా తన మంచానికి చేర్చాం.

నేను చార్టు తీసుకుని నిలబడ్డాను. ఉత్తర్వు ఉత్తర్వే కదా.

"సార్, ఆనందం ఎంత?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "తొమ్మిది. త్వరగా ఇంజెక్షన్ తెప్పించు."

డ్యూటీ డాక్టరు రాశారు. పరదేశి చార్టు చూసి స్వయంగా పైకొచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, తవరికి ఆనందం తొమ్మిదున్నాదండి. ఇవ్వకూడదండి. తవరి సంతకమేనండి."

"నేను చెబుతున్నాను. ఇవ్వు."

"నోటిమాటకి ఇవ్వొద్దని కూడా తవరే రాశారండి."

కింద ఆఫీసరు గారు ఇంకా బిస్కెట్లు తింటున్నారు. ఉత్తర్వు రద్దు చేస్తే ఎందుకు చేశారని అడుగుతారు. సూపరింటెండెంటు గారు పైకప్పు చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క మాటే చెప్పారు. టైపిస్టు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంది.

"సంస్థలో ఆనందం ఆశించిన స్థాయిని మించినందున, అట్టి అధిక ఆనందం విజేతల భరణశక్తిని అతిక్రమించే సందర్భములలో, ఆనంద నియంత్రకములను ఆలస్యం లేకుండా, అడిగిన వెంటనే..."

అక్కడ ఆగిపోయారు. నొప్పి ఇంకో అల వచ్చినట్టుంది. అది దాటాక ఇవ్వవలెనని ముగించారు. కాగితం తయారై రావాలి కదా. ఈలోగా నేను కళ్ళు మూసుకుని, స్వామీ, సార్ నొప్పి తగ్గించు, అయితే సంతకం అయిన తరువాత, అని దండం పెట్టుకున్నాను. ఇది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సంతకం అయింది. పరదేశి పరుగున వెళ్ళి రెండు మందులూ తెచ్చాడు. ఒకటి సార్‌ది, ఒకటి పైడమ్మది. నేను ఇంజెక్షన్ పట్టుకుని ఆయన వైపు తిరిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. పక్క మంచం మీద గోడవైపు ముడుచుకున్న ఆ వీపునే చూస్తున్నారు.

"ముందు ఆమెకివ్వు," అన్నారు. మళ్ళీ, "ఆవగింజంత అంది కదూ?" అన్నారు.

"అవునండీ."

నేను మాత్ర తీసుకుని పైడమ్మ వైపు తిరిగాను.

విధానం మాత్రం మారలేదు. చార్టులో ఇప్పటికీ ఆనందం అనే ఉంది. అధిక ఆనందాన్ని గుర్తించి అరికట్టిన మొదటి ఆసుపత్రిగా మాకు ఒక షీల్డు కూడా వచ్చింది. ప్రమోద్ గారు ఆ అనుభవంతో ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్ళారు. పోతూ గేటు దగ్గర అలవాటు కొద్దీ "వెళ్ళొస్తాను" అన్నారనీ, తను మాత్రం రండి అనలేదనీ సన్యాసి చెప్పాడు.

పైడమ్మ లేచి కూర్చునే స్థితికి వచ్చాక, మాత్రలు మూటగట్టి ఇంటికి పంపించాం. ఆటో గేటు దాకా వచ్చింది. నేను పక్కన నడిచాను. నా చెయ్యి పట్టుకుని, "వెళ్ళొస్తాను సిస్టరమ్మా," అంది.

సన్యాసి దగ్గరికొచ్చి మొహమాటంగా, "అలా అనకూడదే అప్పా. వెళ్ళిపోతున్నాను అనాల," అన్నాడు.

"నా నోటితోటి నాను అంటానేటి ఆ మాట? ఈ దీపాలేళా?" అంది పైడమ్మ. "నువ్వనగలవేట్రా నాయినా, నీ తల్లి గుమ్మం దిగతంటే?"

సన్యాసి అటు తిరిగి, తెరిచే ఉన్న గేటును మళ్ళీ తెరవడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ రా పైడమ్మా," అన్నాను. ఆమె మళ్ళీ రావడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మాత్రలు నిండుకునేదాకా మనిషి ఉండాలి, ఇంకో మూట కోసం తనే రావాలి. నేను అడిగింది అదే.

ఆటో మలుపు తిరిగింది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. తథాస్తు దేవతలు ఆ వేళ మా గేటు మీదుగా వెళ్ళారో లేదో నాకు తెలియదు. వెళ్ళి ఉంటే మాత్రం, వాళ్ళకు తెలుగు బాగా వచ్చే ఉంటుంది.